బుడమేరు నీళ్లు, పాత చిరునామా: ఒక ప్రింటింగ్ ప్రెస్ కేసు

ఈ కేసు గురించి రాస్తానని క్లయింటును అడిగి, సరేనన్నాకే రాస్తున్నాను. పేర్లు, వీధి, బ్యాంకు, బీమా కంపెనీ చెప్పను. మొత్తాలు, తేదీలు కొంచెం అటూ ఇటూ మార్చాను. మిగతాది జరిగింది జరిగినట్టే.

నేను విజయవాడలో సివిల్, వినియోగదారుల కేసులు చూస్తాను. నా బీరువాలో వాతావరణ మార్పు అని రాసిన ఫైలు ఒక్కటీ లేదు. కానీ 2024 సెప్టెంబరు బుడమేరు వరద తర్వాత నా దగ్గరికి వచ్చిన అద్దె తగాదాలు, ఆగిపోయిన ఆర్డర్లు, బ్యాంకు నోటీసులు, బీమా తిరస్కరణలు తిరగేస్తే చాలావాటి వెనక అవే నీళ్లున్నాయి. అలాంటి నాలుగైదు చిక్కులు ఒకే మనిషికి ఒకేసారి వచ్చిన కేసు ఇది.

నేపథ్యం

క్లయింటు యాభై దాటిన మనిషి. పదిహేడో ఏట బైండింగ్ పనిలో చేరి, మెషీన్ మీద పని నేర్చుకుని, చివరికి సొంతంగా చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్ పెట్టుకున్నారు. కరపత్రాలు, బిల్లు బుక్కులు, స్కూళ్లకు ఆన్సర్ బుక్‌లెట్లు, ఏడాది చివర్లో క్యాలెండర్లు వేస్తారు. ఇద్దరు పనివాళ్లున్నా మెషీన్ దగ్గర నిలబడేది ఆయనే. కటింగు, లెక్కలు ఆయన భార్య చూస్తారు. ప్రెస్ ముందు వన్‌టౌన్‌లో ఉండేది. అద్దె భరించలేక 2022లో సింగ్‌నగర్ వైపు ఒక రేకుల షెడ్డుకు మార్చారు. బ్యాంకులో సీసీ (క్యాష్ క్రెడిట్) లోన్ ఉంది, అంటే వ్యాపార ఖర్చులకు వాడుకునే అప్పు. స్టాకు, మెషీన్లు బ్యాంకుకు హైపోథికేషన్‌లో, అంటే ఆయన దగ్గరే ఉంటూ అప్పుకు తాకట్టుగా ఉన్నాయి.

2024 ఆగస్టు 31న మొదలైన వాన సంగతి ఈ ఊరివాళ్లకు నేను చెప్పక్కర్లేదు. బయటివాళ్ల కోసం రెండు మాటలు. బుడమేరు మైలవరం వైపు కొండల నీళ్లన్నీ తెచ్చి కొల్లేరులో కలిపే వాగు. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర దాని వరదను డైవర్షన్ కాలువలోకి మళ్లించి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. కృష్ణే నిండుగా పారుతుంటే ఆ నీళ్లు లాగవు. ఆ రోజుల్లో బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులు దాటి, 2009 రికార్డును తుడిచేసింది. ఇటు బుడమేరు కట్టలకు గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1 ఆదివారం తెల్లారేసరికి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం నీళ్లలో ఉన్నాయి.

షెడ్డులో అయిదడుగుల నీళ్లు వారానికి పైగా నిలిచాయి. తడిసిన కాగితం ఊరుకోదు, ఉబ్బుతుంది. రీములు కట్టిన పట్టీలు తెగి, ర్యాకులు విడిపోయి, కింది వరస రీములు ఒకదానికొకటి అతుక్కుని అట్టముద్దలా తయారయ్యాయి. రబ్బరు రోలర్ల మీద, గేర్ల మధ్య వేలు మందాన బురద.

నా దగ్గరికి వచ్చిన రోజు దంపతులిద్దరూ ఒక పాలిథిన్ సంచి తెచ్చారు. అందులో అద్దె అగ్రిమెంటు, బిల్లులు, బ్యాంకు కాగితాలు ఉన్నాయి. ఆమె వాటిని ఒక్కొక్కటిగా విడదీసి, గుడ్డ పరిచి ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టారట. కొన్నిచోట్ల సిరా చెదిరి స్టాంపు మాత్రమే మిగిలింది. బీమా పాలసీ ఏదని అడిగితే, "అది బ్యాంకులోనే ఉంటుంది కదా మేడమ్, ప్రీమియం వాళ్లే కట్ చేసుకుంటారు" అన్నారాయన. మూడేళ్లుగా ఆ పాలసీ కాపీని ఆయన కళ్లతో చూడలేదు.

సమస్య ఒకటి కాదు

ఆ రోజు నోట్‌బుక్కులో నేను రాసుకున్నవి ఇవీ: ప్రభుత్వ నష్టపరిహార జాబితాలో పేరు లేదు, ఎందుకంటే నష్టం లెక్క రాసుకోవడానికి (ఎన్యూమరేషన్‌కు) వచ్చినప్పుడు షెడ్డుకు తాళం ఉంది. షెడ్డు యజమాని సెప్టెంబరు అద్దె అడుగుతున్నాడు. ఒక స్కూలు ఆన్సర్ బుక్‌లెట్ల కోసం ఇచ్చిన 1.80 లక్షల అడ్వాన్సు వెనక్కి ఇమ్మంటోంది, నష్టపరిహారం కూడా కావాలంటోంది. లోన్ వడ్డీ నెలనెలా పడుతూనే ఉంది. బీమా ఉందో లేదో తెలియదు. ఇవన్నీ కాక ఆయన మనసులో ఉన్న అసలు ప్రశ్న వేరు: "గండి పడేదాకా ఎవరూ పట్టించుకోలేదు. వాళ్ల మీద కేసు వెయ్యలేమా?"

ఏది ముందు? ఎక్కువ డబ్బు వచ్చేదా, ఎక్కువ బాధపెడుతున్నదా, గెలిచే అవకాశం ఎక్కువున్నదా? ఈ మూడూ పక్కనపెట్టి గడువు ముందు ముగిసేదాన్ని ముందు పట్టుకోవాలనుకున్నాను. బీమా కంపెనీకి సమాచారం ఆ రోజే పోవాలి. పరిహారం జాబితా మీద అభ్యంతరానికి రోజులే ఉన్నాయి. ప్రకృతి వైపరీత్యాల్లో రుణాల రీషెడ్యూలు (తిరిగి కట్టే గడువు మార్చడం) మీద రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఆ పని మూడు నెలల్లో పూర్తవ్వాలి. ప్రభుత్వం మీద దావాకు అన్నిటికంటే ఎక్కువ టైముంది అనుకున్నాను. ఆ అంచనాలో తప్పు ఉంది, అది తర్వాత చెబుతాను.

జాబితా సంగతి త్వరగా తేలింది. వార్డు సచివాలయంలో ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు), జీఎస్టీ కాగితాలు పెట్టి మళ్లీ రాయించాం. 40 లక్షలకూ కోటిన్నరకూ మధ్య టర్నోవర్ ఉన్న సంస్థల కేటగిరీలో లక్ష రూపాయలు వచ్చాయి. బురద కడిగించి, మోటార్లు రీవైండింగ్ చేయించేసరికి అది అయిపోయింది.

అద్దె, అడ్వాన్సు

షెడ్డు ఖాళీ చేసి అడ్వాన్సు మొత్తం వెనక్కి తీసుకోవాలని క్లయింటు కోరిక. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108లో 'ఇ' క్లాజు అగ్ని ప్రమాదం, తుపాను, వరద అని పేరుపెట్టి మరీ చెబుతుంది: ఆస్తి వాడుకకు పనికిరాకుండా పోతే లీజు రద్దు చేసుకునే హక్కు అద్దెదారుకు ఉంటుంది. అయితే నష్టం శాశ్వతమై ఉండాలి. నీళ్లు తీసి, సున్నం వేస్తే షెడ్డు మళ్లీ షెడ్డే. ఒప్పందం అసాధ్యమైపోయిందనే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 56 లీజులకు వర్తించదని సుప్రీంకోర్టు 1968లోనే తేల్చింది. కోర్టుకెళితే ఓడిపోతాం.

ఈ క్లాజు ఎప్పటిదో చూడండి. 1882 నాటి చట్టం. ఆస్తి ఉంటుంది లేదా పోతుంది, మధ్యలో ఇంకోటి లేదన్నట్టు రాశారు. నాలుగైదేళ్లకోసారి మునిగి మళ్లీ ఆరే షెడ్డు గురించి అందులో మాట లేదు. ఇలాంటి వాడలు ఇకముందు పెరుగుతాయి. వేడెక్కిన గాలి ఒక్కో డిగ్రీకి సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోస్తుంది, ఆ తేమ ఎక్కడో ఒకచోట కురిసి తీరాలి. అద్దె ఒప్పందాల్లో వరద క్లాజు రాసుకోవడం తప్ప ప్రస్తుతానికి నాకు వేరే దారి కనిపించలేదు.

యజమానీ మునిగినవాడే. ఆయన కింది వాటా అంతా పోయింది. ఇద్దర్నీ నా ఆఫీసులో కూర్చోబెట్టి మాట్లాడితే రెండు గంటల్లో తేలింది. రెండు నెలల అద్దె లేదు. మెషీన్ కింద మూడడుగుల దిమ్మె కట్టిస్తే ఖర్చు చెరిసగం. మళ్లీ నీళ్లు వచ్చి షెడ్డు వాడలేకపోతే ఆ రోజులకు అద్దె ఉండదని కొత్త అగ్రిమెంటులో రాశాం.

స్కూలు వాళ్ల విషయంలో క్లయింటుకు నచ్చని సలహా ఇచ్చాను. కాగితం తడిసినంత మాత్రాన ఒప్పందం అసాధ్యం కాదు, ఖర్చు పెరిగిందంతే. వేరే ప్రెస్సులో వేయించి ఇవ్వొచ్చు. ఇవ్వకపోతే అడ్వాన్సు తిరిగి కట్టాల్సిందే. వన్‌టౌన్‌లో పాత స్నేహితుడి ప్రెస్సులో మూడు రాత్రులు మెషీన్ నడిపి బుక్‌లెట్లు పరీక్షలకు ముందే ఇచ్చేశారు. లాభం పైసా లేదు. కానీ ఆ స్కూలు ఇప్పటికీ ఆయన దగ్గరే వేయిస్తోంది.

బీమా: ఎక్కడ తప్పాం

ముందు నా తప్పు చెప్పాలి. నీళ్లు తీసిన రెండో రోజు, అంటే నా దగ్గరికి రాకముందే, క్లయింటు ఫోన్ చేశారు. కాగితం కుళ్లి వాసన వస్తోంది, వీధిలోవాళ్లు గొడవ చేస్తున్నారు, మున్సిపాలిటీ లారీ వచ్చింది, ఎత్తించెయ్యమంటారా అని. ఫొటోలు తీసి ఎత్తించండి అన్నాను. ఒక్కో రకం కాగితంలో రెండేసి రీములైనా పక్కన పెట్టమని, లారీకి ఎత్తేముందు తూకం వేయించమని చెప్పాల్సింది. నష్టం లెక్కగట్టే బీమా సర్వేయర్ వచ్చేసరికి షెడ్డు ఖాళీ. స్టాకు నష్టం 9.60 లక్షలు అడిగితే, కంటికి కనిపించని సరుకని 5.10 లక్షలకు కుదించాడు. మెషీన్లకు 7.20 అడిగితే 5.90 ఇచ్చాడు. మొత్తం 11 లక్షలు.

ఆ 5.10 అయినా నిలబడ్డది రెండింటి వల్ల. ఒకటి, జీఎస్టీ పోర్టల్. కాగితం అమ్మిన డీలర్ల బిల్లులన్నీ అక్కడ కనిపించాయి. షెడ్డులోని బిల్లులు తడిశాయి గానీ పోర్టల్లోవి తడవవు. రెండోది, ఆయన భార్య చేసిన పని. నీళ్లు తీయడం మొదలవగానే గోడ మీద నీటి మట్టం దగ్గర నల్ల మార్కర్‌తో గీత గీసి, పక్కన తేదీ వేసి, ఆ రోజు పేపరు పట్టుకుని ఫొటో దిగారు. ఎవరూ చెప్పలేదు. "రేపు ఎవరైనా ఇంత నీళ్లెక్కడివి అంటారేమోనని" అన్నారు. ఆ గీత ర్యాకుల ఎత్తుతో పోల్చి ఏ అరలో సరుకు మునిగి ఉంటుందో సర్వేయర్ లెక్కగట్టాడు.

డిసెంబరులో క్లెయిమ్ తిరస్కరిస్తూ ఉత్తరం వచ్చింది. అప్పుడే మాకు పాలసీ కాపీ చేతికందింది. బీమా చేసిన స్థలం: వన్‌టౌన్ చిరునామా. 2022లో వదిలేసిన చోటు.

దీనికి నేనిచ్చిన మొదటి జవాబు పొరపాటు. జనవరిలో పదకొండు పేజీల నోటీసు రాశాను. ఇంతటి వరద, ఇంతటి వాన, మారుతున్న వాతావరణం, ఇలాంటి వేళ బీమా ఉన్నదెందుకు అని. 2024 మార్చి 21న సుప్రీంకోర్టు ఇచ్చిన రంజిత్‌సిన్హ్ తీర్పు కూడా పెట్టాను. బట్టమేక పిట్టల కోసం వేసిన ఆ కేసులో, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి విముక్తంగా ఉండే హక్కు రాజ్యాంగం 14, 21 అధికరణాల్లోనే ఉందని కోర్టు చెప్పింది. గొప్ప తీర్పు. కానీ అది ప్రభుత్వ బాధ్యతల గురించి చెప్పిన మాట, బీమా పాలసీలో చిరునామాను సరిదిద్దదు. కంపెనీ జవాబు మూడు లైన్లు: వరద రాలేదని మేం అనడం లేదు, ఆ స్థలానికి బీమా లేదంటున్నాం. నేను వాన గురించి వాదించాను, వాళ్లు వానను ఒప్పుకునే కాదన్నారు. రెండు నెలలు పోయాయి.

ఏది పనిచేసింది

అప్పుడు ప్రశ్న మార్చుకున్నాను. చిరునామా ఎవరు రాశారు? లోన్ అగ్రిమెంటు ప్రకారం బీమా చేయించాల్సింది రుణగ్రహీతే, ఆయన చేయించకపోతే ఆయన ఖర్చుతో బ్యాంకు చేయించవచ్చు. బాధ్యత మాది కాదనడానికి బ్యాంకుకు ఈ క్లాజు చాలు. అయితే మూడేళ్లు వరసగా ఆయన్ని అడక్కుండా ఖాతాలోంచి ప్రీమియం తీసుకుని, పాలసీ తనే తెప్పించి, కాపీ తన దగ్గరే పెట్టుకున్నాక, ఆ పని సరిగ్గా చేయాల్సిన బాధ్యత వచ్చి పడుతుంది. షెడ్డు మారిందని బ్యాంకుకు తెలుసని నిరూపిస్తే చాలు.

బ్యాంకు ప్రభుత్వ రంగానిది. సమాచార హక్కు కింద ఆయన సొంత లోన్ ఖాతా తనిఖీ నివేదికలు అడిగాం. నాలుగు నివేదికలు వచ్చాయి. నాలుగింట్లోనూ అధికారి సొంత చేతిరాతతో సింగ్‌నగర్ షెడ్డు చూశామని, స్టాకు సరిపోయిందని ఉంది. ఒకదాంట్లో బీమా ఉందా అన్న గడిలో టిక్కు కూడా ఉంది. ఇస్త్రీ చేసిన కాగితాల్లో దొరికిన రెండు స్టాక్ స్టేట్‌మెంట్ల మీద కొత్త చిరునామా, పక్కన బ్యాంకు స్టాంపు.

మార్చిలో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో బ్యాంకు, బీమా కంపెనీ రెండింటి మీదా ఫిర్యాదు వేశాం. 2019 చట్టంలో కమిషన్ పరిధి చెల్లించిన ప్రతిఫలాన్ని బట్టి ఉంటుంది, అడిగే నష్టపరిహారాన్ని బట్టి కాదు. ఇక్కడ ప్రతిఫలం ప్రీమియమే, అది చిన్న మొత్తం కాబట్టి ఫీజు కూడా పడలేదు. అన్నీ పోగొట్టుకుని వచ్చిన మనిషికి ఇది చిన్న విషయం కాదు. సివిల్ కోర్టుకు వెళ్లి ఉంటే కోర్టు ఫీజు దగ్గరే ఆగిపోయేవాళ్లం.

బ్యాంకు మొదటి అభ్యంతరం నేను అనుకున్నదే: వ్యాపార రుణం తీసుకున్నవాడు వినియోగదారుడు కాదని. 2022లో సుప్రీంకోర్టు ఇచ్చిన శ్రీకాంత్ మంత్రి తీర్పు వాళ్లకు బలం. కానీ చట్టంలోనే ఒక వివరణ ఉంది: స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి వాడుకుంటే అది వాణిజ్య ప్రయోజనం కాదు. అందుకే ఫిర్యాదులో తొలి పేజీ నుంచే ఆయన మెషీన్ దగ్గర స్వయంగా పనిచేస్తారని రాశాం. పనివాళ్లిద్దరి అఫిడవిట్లు పెట్టాం. బీమా కంపెనీ ఇదే మాట ఎత్తితే 2023 హర్సోలియా మోటార్స్ తీర్పు చూపించాం. బీమా నష్టం పూడ్చుకోవడానికే గానీ లాభం కోసం కాదని అందులో ఉంది.

బీమా కంపెనీ ఇంకో మాట అంది: సింగ్‌నగర్‌లో వరద ముప్పు ఎక్కువ, చెప్పి ఉంటే తీసుకునేవాళ్లమే కాదేమో అని. నన్ను బాగా కలవరపెట్టిన వాదన ఇది. రేపు నిజంగానే బీమా కంపెనీలు ఇలాంటి వాడలన్నీ వద్దంటే ఏం చెయ్యాలి? ఆ రోజుకు మాత్రం జవాబు వీధిలోనే దొరికింది. అదే కంపెనీ అదే వీధిలో ఇద్దరు దుకాణదారులకు పాలసీలిచ్చి, అదే వరదకు క్లెయిములూ చెల్లించింది. వాళ్లిద్దరూ కాపీలిచ్చారు.

బ్యాంకు తరఫు లాయరు ఇది దైవాధీనం, అంటే ఎవరూ ఊహించలేని, ఆపలేని విపత్తు అన్నప్పుడు మాత్రం వానను మళ్లీ వాదనలోకి తెచ్చాను, ఈసారి ఒక్క పేరాలో. గుజరాత్‌లో డ్యామ్ నీళ్లు వదిలి తోటలు మునిగిన వోహ్రా సాదిక్‌భాయ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు దైవాధీనమన్న వాదనను ఒప్పుకోలేదు. వానాకాలంలో పెద్ద వాన ఊహించలేనిది కాదు. బుడమేరు 2005లోనూ ఊళ్లోకి వచ్చింది. తరచుగా వచ్చేదాన్ని దేవుడి మీదికి నెట్టడం ముందుముందు ఇంకా కష్టమవుతుంది. మా కేసులో దెబ్బతీసింది వరద, డబ్బు రాకుండా చేసింది చిరునామా. ఆ రెండోది దేవుడు రాసింది కాదు.

తనిఖీ నివేదికలు రికార్డులోకి వచ్చాక బ్యాంకు స్వరం మారింది. కమిషన్ ఇరుపక్షాల అంగీకారంతో కేసును మీడియేషన్‌కు పంపింది. మూడు సిట్టింగుల్లో తేలింది: బ్యాంకు 9 లక్షలు లోన్ ఖాతాలో జమ చేస్తుంది, వరద తర్వాత పడిన వడ్డీలో కొంత మాఫీ చేస్తుంది, మిగతాది అయిదేళ్లకు రీషెడ్యూలు. రీషెడ్యూలుకు నవంబరులోనే దరఖాస్తు పెట్టి రసీదు తీసుకున్నది ఇక్కడ పనికొచ్చింది. లేకపోతే ఖాతా అప్పటికే మొండి బాకీల్లో చేరేది.

11 లక్షలూ రాబట్టి, కమిషన్ ఆర్డరు కూడా తెచ్చుకోవాలని నాకుండేది. పై కోర్టుల్లో నిలిస్తే ఇలాంటి ఎందరికో పనికొచ్చే తీర్పు అయ్యేది. కానీ బ్యాంకు అప్పీలుకు వెళితే ఇంకో రెండేళ్లు. క్యాలెండర్ల సీజన్ ముందుంది, కాగితం కొనడానికి డబ్బు కావాలి. "తీర్పు మీకు కావాలి మేడమ్, నాకు మెషీన్ తిరగాలి" అన్నారాయన. కేసు ఆయనది. సంతకాలు చేశాం.

మిగిలిపోయింది

ప్రభుత్వం మీద దావా గురించి చెప్పాలి. హైకోర్టులో రిట్ వెయ్యాలనే ఆలోచనను మొదట్లోనే వదిలేశాను. గండి ఎందుకు పడింది, కట్టలు ఎవరు చూసుకోవాలి, కృష్ణ నిండుగా ఉన్నప్పుడు ఎవరేం చేసినా నీళ్లు ఆగేవా అన్నవన్నీ సాక్ష్యాలతో తేలాల్సిన విషయాలు, అఫిడవిట్లతో తేలవు. సివిల్ దావాకు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి. విపత్తు నిర్వహణ చట్టం సెక్షన్ 71 సివిల్ కోర్టుల పరిధిని కట్టడి చేస్తుంది, అది మాకు ఎంతవరకు అడ్డమో వాదించుకోవాలి. ఇవన్నీ తెలిసే, దీనికి మూడేళ్లు టైముందని వెనక్కి పెట్టాను. కానీ దావాలకు గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం షెడ్యూలులో 72వ ఆర్టికల్ ఉంది: ఏదైనా చట్టం కింద చేసిన, చేయకుండా వదిలేసిన పనికి నష్టపరిహారం అడగాలంటే ఒక్క ఏడాదే. మన కేసు దాని కిందికి రాదని వాదించవచ్చు. కానీ వస్తుందని అవతలివాళ్లు తప్పకుండా అంటారు. నేను నోటీసు ఇచ్చేసరికి ఆ ఏడాది దాటిపోయింది. ఇప్పుడు ఇలాంటి క్లయింటు వస్తే బీమా ఉత్తరంతో పాటే, అదే వారం, సెక్షన్ 80 నోటీసు కూడా పంపుతున్నాను.

ఆ వీధిలో ఒక టైలరమ్మ ఉండేది. రెండు కుట్టుమెషీన్లు, కస్టమర్ల బట్టలు అన్నీ పోయాయి. బీమా లేదు, లోన్ లేదు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ లేదు, అద్దె అగ్రిమెంటు నోటిమాటే. నేను పైన రాసిన దారుల్లో ఒక్కటీ ఆమెకు లేదు. చిన్న దుకాణాలకిచ్చే 25 వేలు ఇప్పించగలిగాను, అంతే.

మొన్న ఏప్రిల్లో ప్రెస్ ఆయన పాలసీ రెన్యువల్ కాపీ పట్టుకుని ఆఫీసుకు వచ్చారు. వెంట వీధిలోని ముగ్గురు దుకాణదారులు తమ పాలసీలతో వచ్చారు. ఒకరిదాంట్లో డోర్ నంబరు తప్పుంది. ఆ రోజే ఎండార్స్‌మెంటుకు, అంటే పాలసీలో సవరణకు, ఉత్తరం రాసి పంపాం.